పిక్కనొప్పికి కత్తెందుకు అనేవాళ్లకు

పరుగెత్తే కుర్రాడికి పిక్క పట్టేసిందంటే మన దగ్గర అడగకుండానే మూడు సలహాలు వచ్చిపడతాయి. కోచ్ ‘రెండు వారాలు రెస్ట్ తీసుకో, అదే సర్దుకుంటుంది’ అంటాడు. ఇంట్లోవాళ్లు ‘కాలి మీద కత్తి పడితే ఇక పరుగు మాట మరిచిపో’ అని భయపెడతారు. ఇవన్నీ దాటుకుని పెద్దాసుపత్రి గడప ఎక్కితే, అక్కడెవరో ఒకరు ‘కోత లేదు, కుట్టు లేదు, స్టెంట్ వేసి రేపే ఇంటికి పంపిస్తాం’ అని ధైర్యం చెబుతారు. మూడు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: ఆటగాడి కాలికి ఆపరేషన్ ఆఖరి అస్త్రం, మిగతావన్నీ అయిపోయాకే దాని జోలికి వెళ్లాలి.

వినడానికి ఎంత పెద్దమనిషి తరహా మాట! కండరం బెణికినప్పుడు, ఎముక మీది పొర వాచినప్పుడు అది నిజం కూడా. కానీ కాలికి రక్తం తీసుకెళ్లే ధమనే నలుగుతున్నప్పుడు ఈ మాట హాని చేస్తుంది. పుట్టుకతో వచ్చిన అమరిక లోపం వల్ల ధమని ఇరుక్కుందని తేలాక, ఆపరేషనే మొదటి వైద్యం. వాయిదా వేసినవాడికి తర్వాత దొరికేది ఇంతకంటే పెద్ద ఆపరేషన్, ఇంతకంటే తక్కువ ఫలితం.

మోకాలి వెనక పల్లంలో వేళ్లు పెట్టి లోతుగా నొక్కితే ఒక నాడి తగులుతుంది. తొడ నుంచి దిగి పిక్కకూ పాదానికీ రక్తం పంచే పాప్లిటియల్ ధమని అది. పిక్కలో ఉబ్బెత్తుగా కనిపించే కండరం, వైద్యులు గ్యాస్ట్రోక్నీమియస్ అనేది, రెండు తలలతో తొడ ఎముక అడుగుభాగాన్ని పట్టుకుని ఉంటుంది. లోపలివైపు ఒక తల, బయటివైపు ఒక తల. ధమని ఈ రెంటి నడుమ నుంచి సాఫీగా కిందికి దిగిపోవాలి. తల్లి కడుపులో కాలు తయారయ్యే రోజుల్లో లోపలి తల తన చోటికి జరుగుతూ వెళుతుంది. వెళుతూ వెళుతూ కొందరిలో ధమనిని కూడా పక్కకు ఈడ్చుకుపోతుంది. మరికొందరిలో చేరాల్సిన చోటికి చేరకుండా మధ్యలోనే అతుక్కుంటుంది. ఇంకొందరిలో ఓ అదనపు పాయను ధమనికి అడ్డంగా వదిలిపెడుతుంది. ఏది జరిగినా కథ ఒక చోటికే వస్తుంది: పరుగులో మడమ నేల వదిలినప్పుడల్లా కండరం బిగుస్తుంది, ధమని నలుగుతుంది. పిక్కకు రక్తం ఎక్కువ కావాల్సిన క్షణంలోనే దారి మూసుకుంటుంది.

ఈ సంగతి వైద్యానికి కొత్తేమీ కాదు. 1879లో ఎడిన్‌బరోలో ఆండర్సన్ స్టువర్ట్ అనే వైద్య విద్యార్థి, పాదం కుళ్లిపోవడంతో తీసేసిన ఓ 64 ఏళ్ల మనిషి కాలిని కోసి చూస్తుంటే ధమని దారి తప్పి లోపలి తల చుట్టూ తిరిగి వెళ్లడం కనబడింది. చూసినది చూసినట్టు రాసిపెట్టాడు. దాన్ని బతికున్న మనిషిలో గుర్తించి సరిచేయడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. 1959లో నెదర్లండ్స్‌లోని లైడెన్‌లో హామింగ్ అనే సర్జన్ 12 ఏళ్ల పిల్లవాడి మోకాలి వెనక తెరిచి, ఆ కండరం తలను కోసి ధమనిని విడిపించాడు. 1965లో లవ్, వీలన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు దీనికి ‘పాప్లిటియల్ ధమని ఎన్‌ట్రాప్‌మెంట్’ అని పేరు పెట్టారు. ఒకరి విషయంలో కాలు తీసేశాక తెలిసింది, మరొకరి విషయంలో పన్నెండేళ్లకే తెలిసింది. నా వాదనంతా ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరం గురించే.

ముందు విశ్రాంతి సంగతి తేలుద్దాం. విశ్రాంతి తీసుకుంటే నొప్పి పోతుంది, నిజమే. ఎందుకు పోదు? పరుగెత్తితేనే వచ్చే నొప్పి, పరుగు మానేస్తే ఎలా వస్తుంది? దాన్ని నయమవడం అనుకుని మళ్లీ మైదానంలోకి దిగినవాడికి ఇంచుమించు అదే దూరంలో, అదే మోతాదులో పిక్క బిగుసుకుంటుంది. పాదం తిమ్మిరెక్కుతుంది, చల్లబడుతుంది. ఆగి నాలుగు నిమిషాలు నిలబడితే అంతా మామూలే. పుట్టినప్పుడు తప్పుచోట అతుక్కున్న కండరం రెండు వారాల సెలవులో సరైన చోటికి నడిచి వెళ్లదు. పైగా కోలుకోవడానికంటూ చేయించే మడమలెత్తే వ్యాయామాలు నలిపే కండరాన్నే బలపరుస్తాయి. ఫిజియోల తప్పేమీ లేదు, వాళ్లకు అందిన చీటీలో ‘పిక్క కండరం బలహీనత’ అనే రాసి ఉంటుంది మరి.

చీటీలో అలా ఎందుకు రాస్తారంటే, నొప్పి వచ్చేది పరుగులో, పరీక్ష జరిగేది బల్ల మీద. పడుకున్న మనిషి కాలికి డాప్లర్ తీస్తే రిపోర్టు ‘నార్మల్’ అనే వస్తుంది. ఆ కాగితం పట్టుకుని కుర్రాడు ఎముకల డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి నడుము స్కానింగ్‌కు, అక్కడి నుంచి విటమిన్ ఇంజెక్షన్లకు తిరుగుతాడు. ఇరవై నాలుగేళ్లవాడికి రక్తనాళం జబ్బేమిటన్న అనుమానం రానే రాదు. రక్తనాళాల జబ్బంటే షుగరు, పొగ, అరవై దాటిన వయసు అని మన బుర్రల్లో పడిపోయింది. ఎప్పుడైనా ఎవరైనా చల్లబడిన పాదం చూసి ‘రక్తప్రసారం తగ్గింది’ అని గుర్తించినా, తర్వాతి ప్రశ్న ‘బీడీ తాగుతావా?’ అనే. తాగుతానంటే బర్గర్స్ డిసీజ్ అని రాసేస్తారు. బర్గర్స్ మన దేశంలో కుర్రవాళ్లను పట్టుకునే జబ్బే, కాదనను. కానీ బీడీ తాగేవాడి ధమని కండరం కింద నలగకూడదనే నియమం ఎక్కడా లేదు.

ఖర్చులేని పరీక్ష ఒకటుంది. కుర్రాడిని వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య నుంచి పాదం మీదికి వెళ్లే గీత వెంట రెండు వేళ్లు ఆనిస్తే నాడి కొట్టుకుంటూ తగులుతుంది. మోకాలు చాపి ఉంచి, ఎదురుగా చేతిని అడ్డుపెట్టి, ‘పాదంతో గట్టిగా కిందికి తొయ్యి’ అంటారు. ధమని నలిగే కాల్లో ఆ నాడి వేళ్ల కింద నుంచి మాయమవుతుంది. వదిలెయ్యమనగానే తిరిగి వస్తుంది. ఇదొక్కటే రుజువు కాదు, అదెందుకో తర్వాత చెబుతాను. కానీ ఇది చూసినవాడు ఆగిపోడు. ట్రెడ్‌మిల్ మీద నొప్పి వచ్చేదాకా పరుగెత్తించి, దిగిన వెంటనే చీలమండ దగ్గరా చేతికీ బీపీ చూస్తాడు. ఆరోగ్యవంతుడికి విశ్రాంతిలో చీలమండ బీపీ చేతి బీపీకి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉంటుంది. ధమని నలిగేవాడికి పరుగు తర్వాత అది పడిపోయి ఉంటుంది. ఆ తర్వాత పాదం మామూలుగా ఉంచి ఒకసారి, కిందికి వంచి ఒకసారి ఎంఆర్ యాంజియో తీస్తే ధమని ఎక్కడ, దేని కింద నలుగుతోందో కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి, ఆలస్యం. ‘చూద్దాం’ అనే మాటకు ఖర్చు లేదనే భ్రమ మీదే ఆఖరి అస్త్రం సిద్ధాంతం నిలబడి ఉంది. పిక్క కండరం బెణికితే ఎదురుచూడడం నిజంగానే ఖర్చులేని పని, రోజు గడిచినకొద్దీ అది మానుతుంది. నలిగే ధమని విషయంలో రోజు గడిచినకొద్దీ జరిగేది వేరు. ప్రతి అడుగుకీ నలిగి నలిగి ధమని లోపొర దెబ్బతింటుంది. దెబ్బతిన్నచోట మచ్చ కడుతుంది, గోడ దళసరెక్కుతుంది, లోపలి దారి సన్నబడుతుంది. సన్నబడిన చోటికి అవతల కొందరిలో ధమని బుడగలా ఉబ్బుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి, ముక్కలు విడిపోయి కాలివేళ్ల దాకా కొట్టుకుపోవచ్చు. ఒకరోజు ధమని పూర్తిగానే మూసుకుపోవచ్చు. మొదట పరుగులో మాత్రమే వచ్చిన నొప్పి తర్వాత నడకలోకి, చివరికి పడకలోకి వస్తుంది.

ధమని గోడ ఇంకా చెక్కుచెదరని దశలో చేసే ఆపరేషన్ చూడండి. రోగిని బోర్లా పడుకోబెట్టి మోకాలి వెనక వంపు తిరిగిన కోత పెడతారు. నరాన్ని జాగ్రత్తగా పక్కకు తప్పించి, ధమనిని నొక్కుతున్న కండరం తలనో, పీచు పట్టీనో కోస్తారు. ధమనిని ఆ పొడవునా విడిపించి, పాదాన్ని వంచి చూసి, నాడి నిలబడిందని తేల్చుకుని కుట్లు వేస్తారు. ధమనికి కత్తే తగలదు. ఆలస్యమైన కాల్లో ఇంతటితో సరిపోదు. పాడైన ముక్కను పక్కనపెట్టి, అతని కాలి నుంచే సఫీనస్ సిరను తీసి ధమనికి బదులు అతకాలి. అతుకు పనిచేస్తుంది, కొందరికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ తన సొంత ధమనితో సమానం కాదు. జీవితాంతం స్కానింగ్‌లు, మందులు, అతుకు మూసుకుంటుందేమోనన్న బెంగ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఆ ఆకులు కూడా ఒంట్లోంచే కోసుకోవాలి.

‘ఎవరికో నూటికో కోటికో వచ్చే జబ్బుకు ఇంత హడావిడా?’ అనేవాళ్లున్నారు. బుహుత్సోస్, దస్కలాకిస్ అనే వైద్యులు 1981లో ప్రచురించిన లెక్క ప్రకారం 20,000 మంది గ్రీకు సైనికుల్లో 33 మందికి ఇది బయటపడింది. వెయ్యికి ఇద్దరికంటే తక్కువ. అరుదే. అయితే ఎవరిలో వెతికితే దొరికిందో చూడండి: కవాతు చేసేవాళ్లలో, పరుగెత్తేవాళ్లలో. రోజంతా కుర్చీలో కూర్చునేవాడికి ఇదే ధమని ఇదే తీరులో ఇరుక్కుని ఉన్నా బతుకంతా తెలియకపోవచ్చు. మన దగ్గర ఇలా వెతకాల్సిన చోటు ఏదో చెప్పక్కర్లేదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే తెల్లవారుజామునే స్టేడియాలూ కాలేజీ గ్రౌండ్లూ బైపాస్ రోడ్లూ 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లతో నిండిపోతాయి. వాళ్లలో చాలామందికి షిన్ స్ప్లింట్స్ వస్తాయి, మడమ నొప్పులు వస్తాయి, అవి విశ్రాంతితో తగ్గేవే. ప్రతివాడినీ ఆపరేషన్ బల్ల ఎక్కించమనడం లేదు. షిన్ స్ప్లింట్స్ నొప్పి ముంగాలి ఎముక అంచు వెంట వేలితో నొక్కితే తెలుస్తుంది, పరుగు ఆపాక కూడా కాసేపు వేధిస్తుంది. ఆగిన కొద్ది నిమిషాల్లో చెయ్యి తీసేసినట్టు పోయే పిక్కనొప్పి, దాంతోపాటు చల్లబడే పాదం వేరే జాతి. ఈ రెంటినీ ఒకే స్ప్రేతో, ఒకే క్రేప్ బ్యాండేజితో సాగనంపడమే నాకు కష్టంగా ఉంది.

స్టెంట్ దగ్గరికి వద్దాం. గుండె పుణ్యమా అని స్టెంట్ తెలుగు మాటే అయిపోయింది. దాని ధరకు 2017లో కేంద్రం పరిమితి పెడితే ఆ వార్త టీకొట్టు దగ్గర కూడా నలిగింది. గుండెలో పనిచేసింది కాలిలో ఎందుకు పనిచేయదన్న ప్రశ్న సహజమే. గుండె ధమనిలో అడ్డు లోపల ఉంటుంది, కొవ్వు పేరుకుని. ఇక్కడ శత్రువు బయట ఉన్నాడు. తలుపు సందులో నలుగుతున్న నీళ్ల పైపు లోపలికి ఇనుప చుట్ట దూర్చి, తలుపును మాత్రం అలాగే వదిలేస్తే ఏమవుతుంది? తలుపు వేసినప్పుడల్లా చుట్ట కూడా నలుగుతుంది. మోకాలి వెనక సరిగ్గా అదే జరుగుతుంది. పైగా మోకాలు రోజుకు వేలసార్లు వంగే కీలు. అక్కడ పెట్టిన లోహపు జాలీ వంగి వంగి విరగడం, విరిగినచోట రక్తం గడ్డకట్టడం వాస్క్యులర్ సర్జన్లు ఎరిగిన సంగతే. స్టెంట్ వేశాక రక్తం పలుచబడే మాత్రలు మింగాలి. కబడ్డీ కుర్రాడు ఆ మాత్రలు వేసుకుని కూతకెళితే తగిలే ప్రతి దెబ్బా నల్లగా కందుతుంది. కోత చిన్నదైనంత మాత్రాన వైద్యం చిన్నదవదు. స్టెంట్ మీద నాకు కోపం లేదు, అరవై ఏళ్ల షుగరు మనిషి తొడ ధమనిలో దాని పని దానికుంది. ధమని హఠాత్తుగా మూసుకుపోయినప్పుడు కాథెటర్ ద్వారా గడ్డను కరిగించడం కూడా కాలిని నిలబెట్టే పనే. కానీ గడ్డ కరిగించాక కండరాన్ని కోయకుండా ఇంటికి పంపితే మరో గడ్డకు ముహూర్తం పెట్టినట్టే.

‘కత్తి పడితే ఆట గోవిందా’ అనే భయానికి జవాబు సైకిలు పందేల్లో ఉంది. అక్కడ నలిగేది మోకాలి వెనక కాదు, గజ్జకు పైన, ఎక్స్‌టర్నల్ ఇలియాక్ అనే ధమని. ముందుకు వంగి, తొడ పొట్టకు తగిలేలా తొక్కే భంగిమలో ఆ ధమని ప్రతి తొక్కుడుకీ మడత పడుతుంది. నిమిషానికి 90 తొక్కుళ్లంటే గంటకు 5,400, ఐదు గంటల పందెంలో 27,000. ఏళ్ల తరబడి ఇలా మడతపడిన ధమని లోపల పీచు కట్టి దళసరెక్కుతుంది. 1980ల్లో ఫ్రెంచి వైద్యులు వృత్తి సైక్లిస్టుల్లో దీన్ని విడమరిచి చెప్పారు. కొండ ఎక్కేటప్పుడు ఒక తొడ, ఎక్కువగా ఎడమది, ఉన్నట్టుండి ‘చచ్చుబడిపోతుంది’. దిగాక ఏమీ లేదు. దాన్ని కూడా ఏళ్లపాటు ‘ఫామ్ పోయింది’, ‘మనసు పెట్టడం లేదు’ అన్నారు. క్రీడాపేజీలు ఇలాంటివాటిని ‘కాలి గాయం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి గానీ, ఆ ముక్క వెనక ఎంత అవమానం ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

ఫ్రాన్స్ సైక్లిస్టు పోలీన్ ఫెరాన్-ప్రెవో 2019 మొదట్లో ఈ ధమనికి ఆపరేషన్ చేయించుకుంది. అదే ఏడాది మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్ అయింది. ఇబ్బంది తిరగబెడితే రెండోసారి బల్లెక్కింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం, 2025లో మహిళల టూర్ ద ఫ్రాన్స్ టైటిల్ ఆ రెండు ఆపరేషన్ల తర్వాత వచ్చినవే. డచ్ సైక్లిస్టు మరియాన్ వోస్ ముప్పై ఆరేళ్ల వయసులో, 2023 సీజన్ మధ్యలో ఆపి ఇదే ఆపరేషన్ చేయించుకుని, తర్వాతి ఏడాది పారిస్‌లో రోడ్ రేస్ రజతం తెచ్చుకుంది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెబితే నేనూ ఆసుపత్రి బ్రోచర్ల వరసలో చేరినట్టే. 2015లో స్పెయిన్ సైకిలు పందెం వుయెల్తా గెలిచిన ఇటలీ వీరుడు ఫాబియో అరు 2019లో ఆపరేషన్ తర్వాత మళ్లీ పందేలకు వచ్చాడు గానీ మునుపటి అరు కాలేదు, 2021లో విరమించుకున్నాడు. ఆపరేషన్ పతకాలివ్వదు. కాలికి రక్తం ఇస్తుంది, మిగతాది మనిషి చూసుకోవాలి.

నా ఎదుటివాళ్ల దగ్గరున్న అసలైన బాణం ఇప్పుడు చెబుతాను, వాళ్లు దాన్ని సరిగా వాడరు కాబట్టి. మోకాలి వెనక అమరికలో ఏ లోపమూ లేనివాళ్లలో కూడా పాదాన్ని గట్టిగా కిందికి తొక్కితే ధమని నలుగుతుంది. ఏ నొప్పీ లేని మామూలు మనుషుల్ని పరీక్షించిన చోట దాదాపు సగం కాళ్లలో ఇలా నలగడం కనిపించింది. నాడి మాయమవడం ఒక్కటే రుజువు కాదని ఇందాక అన్నది ఇందుకే. దీనికి తోడు, పిక్క కండరం బాగా బలిసిన ఆటగాళ్లలో, అమరిక సరిగానే ఉన్నా నొప్పితో సహా ధమని నలిగే రకం ఒకటుంది, దాన్ని ‘ఫంక్షనల్’ అంటారు. అక్కడ ఏ కండరం ఎంత కోయాలన్నదాని మీద సర్జన్లకే ఏకాభిప్రాయం లేదు. కండరంలోకి బోట్యులినం ఇంజెక్షన్ ఇచ్చి బిగువు తగ్గించి చూసే పద్ధతి వచ్చింది. ఆ రకంలో ముందు శిక్షణ తీరు మార్చడం, ఇంజెక్షన్‌తో చూడడం సబబేనని నేనూ ఒప్పుకుంటాను. స్కానింగ్‌లో నొక్కుడు కనబడింది కదా అని నొప్పి లేని కాలిని, పరుగు తర్వాత బీపీ పడని కాలిని కోసేవాడు నా పక్షం కాదు.

అయితే ఈ బాణం ఎటు దూసుకెళుతుందో చూడండి. జాగ్రత్తగా నిర్ధారించు అంటుందే తప్ప, నిర్ధారించాక ఎదురుచూడు అనదు. అమరిక లోపం స్పష్టంగా కనబడి, నొప్పి ఉండి, పరుగు తర్వాత చీలమండ బీపీ పడిపోయిన కాలికి ‘కొన్నాళ్లు చూద్దాం’ అనడానికి ఇది సాకు కాదు. నిర్ధారణను నిర్లక్ష్యం చేస్తే కత్తి తప్పుతుందనుకోవడమూ భ్రమే, తప్పుచోట పడుతుంది, అంతే. పరుగులో వచ్చే పిక్కనొప్పికి కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అనే మరో కారణముంది. కండరాల చుట్టూ ఉండే బిగుతు పొరలో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చేది. దానికి పొరను చీల్చే ఫాషియాటమీ చేస్తారు. లక్షణాలు కలిసిపోవడంతో ధమని నలిగేవాళ్లకు కూడా ఆ ఆపరేషనే చేసి, నొప్పి అలాగే ఉండిపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలానే ఉన్నాయి. ఆపరేషన్‌ను ఆఖరి అస్త్రమని పూజలో పెట్టేవాళ్లు దీని గురించి మాట్లాడరు. రెండేళ్లు అన్నీ ప్రయత్నించి విసిగిపోయినవాడు చివరికి ఏదో ఒక ఆపరేషన్‌కు సరే అంటాడు, అది ఏదన్నది అడిగే ఓపిక అప్పటికి అతనికి ఉండదు.

రిస్కు లేదని అనడం లేదు. మోకాలి వెనక కోతలో రక్తం నిలవవచ్చు, చీము పట్టవచ్చు, నరం తగిలితే పిక్క చర్మం మొద్దుబారవచ్చు, సిరల్లో గడ్డ కట్టవచ్చు. ఇది రక్తనాళాల సర్జన్ చేయాల్సిన పని, వాళ్లేమో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. మన్యం నుంచి, పాలమూరు నుంచి వచ్చే కుర్రాడికి ఆ ప్రయాణమే ఒక అడ్డంకి. వయోపరిమితి దాటిపోతోందని ఒకవైపు గుబులు, కూలి పోతుందని మరోవైపు లెక్క. అందుకే అతను విశ్రాంతి సలహానే ఇష్టపడతాడు, దానికి బస్సు చార్జీ అక్కర్లేదు గనక. అతన్ని తప్పుపట్టను. వేళ్లు పాదం మీద పెట్టి నాడి చూడకుండానే ఆ సలహా ఇచ్చినవాణ్ణి పడతాను.

నా వాదన నాకే ఇరకాటంగా ఉండే చోటొకటి ఉంది, దాన్ని దాటేయడం మర్యాద కాదు. గ్రీకు సైనికుల లెక్కలో 33 మందికి 45 కాళ్లు, అంటే పన్నెండు మందికి రెండు కాళ్లలోనూ ఇదే లోపం. ఒక కాలికి ఆపరేషన్ అయి హాయిగా ఉన్నవాడి రెండో కాలిని కూడా స్కాన్ చేయాలా? చేయాలి. అందులోనూ ధమని పుట్టుకతోనే దారి తప్పి ఉండి, ఇంకా నొప్పి మాత్రం మొదలు కాకపోతే? నొప్పి లేని కాలిని కోసేవాడు నా పక్షం కాదని పైన రాసింది అమరిక సరిగా ఉన్నవాళ్ల గురించి. ఇక్కడ అమరికే తప్పు. చాలామంది సర్జన్లు, ధమని గోడ చెడకముందే విడిపించమంటారు. నా ఓటూ వాళ్లకే. ఆటగాడు ‘ఈ కాలు బానే ఉందిగా డాక్టరు గారూ’ అంటాడు. మొదటి కాలి గురించి కూడా రెండేళ్లు ఆ మాటే అన్నాడు.